బాల్కనీ రూమ్ తీసుకుంటే క్రూయిజ్‌లో వేప్ కొట్టుకోవచ్చా? గుంటూరు చెల్లెమ్మకి జవాబు

ఉత్తరం:

అక్కా నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. మా మామగారి షష్టిపూర్తి అయింది కదా అని ఇంట్లో అందరం కలిసి సింగపూర్ ప్లాన్ చేసుకున్నాం. చెన్నై నుంచి ఫ్లైట్, సింగపూర్‌లో రెండ్రోజులు, తర్వాత నాలుగు రాత్రుల క్రూయిజ్, పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూర్‌లోనే దింపుతారంట. ఇంకా ఆరు వారాల టైముంది. సమస్యేంటంటే మా ఆయన సిగరెట్ మానేసి వేప్, అదే ఈ-సిగరెట్, మొదలెట్టారు, ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలీదు. షిప్పులో కొట్టుకోటానికే ఎక్కువ డబ్బులు కట్టి బాల్కనీ రూమ్ బుక్ చేశారు. వాళ్ళ ఫ్రెండు ఒకాయన, వేప్‌లో వచ్చేది పొగ కాదు ఆవిరే, అలారం మోగదు, అయినా నడిసముద్రంలో ఏ దేశం చట్టమూ ఉండదు అని చెప్పాడంట. ఇప్పుడేమో రెండు పీసులు నీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో, ఆడవాళ్ళ బ్యాగులు అంతగా చూడరు అంటున్నారు. పక్క రూమే అత్తయ్యగారు వాళ్ళది. పర్లేదంటారా? ఇంకో చిన్న డౌటు, అత్తయ్యగారు రోజూ దీపం పెట్టందే కాఫీ కూడా తాగరు, షిప్పు రూమ్‌లో దీపం పెట్టుకోనిస్తారా?

పేరు వద్దక్కా, గుంటూరు

జవాబు:

చెల్లెమ్మా, నువ్వు షిప్పు గురించి అడిగావు గానీ ఉత్తరం చదువుతుంటే నా కళ్ళు ఆ హ్యాండ్‌బ్యాగు దగ్గరే ఆగిపోయినయ్. ముందు అది తేల్చేద్దాం. వద్దు. ఒక్క పీసు కూడా నీ బ్యాగులో పెట్టనివ్వద్దు, మాటవరసకి సరే అని కూడా అనొద్దు. ఆడవాళ్ళ బ్యాగులు చూడరనేది ఎప్పటి మాటో నాకు తెలీదు, ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే మిషన్‌కి ఆడా మగా తేడా ఏముంటుంది, లోపల బ్యాటరీ, దాని పైన కాయిల్, లిక్విడ్ ఉండే గొట్టం అన్నీ స్క్రీన్ మీద విడివిడిగా కనపడతయ్. అది హైలైటర్ పెన్నులా ఉన్నా లిప్‌స్టిక్‌లా ఉన్నా రోజూ అవే చూసే వాళ్ళకి ఒక్క చూపు చాలు. అప్పుడు ఆ ఆఫీసరు అడిగేది ఈ వేప్ ఎవరిదీ అని కాదు, ఈ బ్యాగు ఎవరిదీ అని. నువ్వు నాదే అంటావు. ఇక అక్కణ్ణుంచి పేపర్ల మీద ఎక్కేది నీ పేరే, మీ ఆయన, అంటే మా మరిదిగారు, పక్కన నిలబడి ఎంత బాధపడినా సరే.

మరిదిగారికి నడిసముద్రం గురించి చెప్పిన ఫ్రెండు చెన్నై ఎయిర్‌పోర్టు గురించి చెప్పలేదు చూశావా. మన దేశంలో ఈ-సిగరెట్ల మీద 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్సు తెచ్చారు, ఆ డిసెంబర్‌లో అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలు, అన్నీ నిషేధం. మొదటిసారికి ఏడాది దాకా జైలు, లేదంటే లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ దాకా, జరిమానా అయిదు లక్షల దాకా. నిల్వ పెడితే ఆర్నెల్ల దాకా జైలు, లేదంటే 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. వాడేవాళ్ళ గురించి చట్టంలో విడిగా శిక్ష రాయలేదు కదా అని చాలామంది లా పాయింట్ తీస్తారు, నిజమే రాయలేదు, కానీ తిరుగు ప్రయాణంలో అదే పీసు జేబులో పెట్టుకుని చెన్నైలో దిగితే దాన్ని దిగుమతి అనక ఏమంటారు? ఒక్కటైనా దిగుమతి దిగుమతే. విమానం సంగతికొస్తే, వేరే దేశాల్లో బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉందని చెకిన్ లగేజీలో వద్దు, చేతి బ్యాగులోనే పెట్టుకోండి అంటారు, మన దగ్గర ఆ చేతి బ్యాగు వెసులుబాటు కూడా లేదు, ఎయిర్‌లైన్స్ వాళ్ళు రెండిట్లోనూ వద్దనే చెప్తారు. బెంజ్ సర్కిల్‌లోనో బ్రాడీపేటలోనో షాపుల్లో చాటుగా దొరుకుతున్నయ్ కదా అంటే, దొరకటం వేరు, చెల్లటం వేరు.

సర్లే, చెన్నైలో ఎలాగో దాటేశారనుకో. అసలు గండం అవతల ఉంది. సింగపూర్‌లో 2018 నుంచి వేప్ కొనటం, వాడటం, దగ్గర ఉంచుకోవటం మూడూ నేరమే. దగ్గర ఉంచుకోవటం కూడా, గుర్తుపెట్టుకో, వెలిగించాల్సిన పని లేదు, బ్యాగు అడుగున ఖాళీది పడున్నా సరే. 2025 సెప్టెంబర్ 1 నుంచి జరిమానాలు ఇంకా పెంచారు, పెద్దవాళ్ళకి మొదటిసారే 700 సింగపూర్ డాలర్లు, మన లెక్కలో 45 వేల పైమాటే. ఎందుకంత కఠినం అంటే అక్కడ కొన్నాళ్ళుగా ఎటోమిడేట్ కలిపిన వేప్‌లు పిల్లల్లోకి పాకినయ్. ఎటోమిడేట్ అంటే ఆపరేషన్‌కి ముందు మత్తు ఇచ్చే మందు. అందుకని దాన్ని డ్రగ్స్ చట్టం కిందకి తెచ్చారు, అలాంటి లిక్విడ్‌తో దొరికితే ఇక జరిమానాతో పోదు. మరిదిగారి దాంట్లో అది లేదనే అనుకుందాం, ఉండదు కూడా, కానీ చాటుగా అమ్మే సరుకులో ఏం పోశారో ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది చెప్పు, డబ్బా మీద మామిడి బొమ్మ తప్ప. మీకు సింగపూర్ రెండుసార్లు తగులుతుంది, వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఒకసారి, క్రూయిజ్ దిగి టెర్మినల్లోంచి బయటికొచ్చేటప్పుడు ఇంకోసారి. షిప్పు ఎక్కే ముందు కూడా లగేజీ మొత్తం స్కాన్ అవుద్ది. మధ్యలో మలేషియాలో (పెనాంగ్ అక్కడిదే) కొనుక్కుందాం అనే ఐడియా వస్తే అదీ వద్దని చెప్పు, అక్కడ రాష్ట్రానికో రూలు, కొన్ని రాష్ట్రాలు అమ్మకాలు ఆపేసినయ్, ఒకవేళ ఎక్కడన్నా దొరికినా షిప్పు తిరిగొచ్చేది సింగపూర్‌కేగా. ఫుకెట్ థాయ్‌లాండ్‌లో ఉంది, అక్కడ 2014 నుంచి దిగుమతి నిషేధం, చట్టంలో జైలు కూడా ఉంది. బీచ్ మీద ఎవరో తెల్లాయన ధీమాగా ఊదుతూ కనపడితే చూసి మోసపోవద్దు, ఆయన తంటాలు ఆయన పడతాడు.

ఇక్కడ వేప్ కాదు గానీ మీ ఇంట్లో ఇంకెవరికన్నా పనికొస్తుందని ఒక ముక్క. గుట్కా, ఖైనీ, జర్దా కూడా సింగపూర్‌లోకి తీసుకెళ్ళకూడదు, 2016 నుంచి నిషేధం. మామగారికి భోజనం అయ్యాక జర్దా కిళ్ళీ అలవాటుంటే ఆ చిన్న డబ్బా ఇంట్లోనే పెట్టి రమ్మను. సిగరెట్లు నిషేధం కాదు గానీ డ్యూటీఫ్రీ అలవెన్సు అంటూ అక్కడ లేదు, ఒక్క ప్యాకెట్టయినా డిక్లేర్ చేసి పన్ను కట్టాల్సిందే, అందుకని వేప్ బదులు సిగరెట్ ప్యాకెట్లు సర్దుకుపోదాం అనే ప్లాన్ బీ కూడా అంత ఈజీ కాదు.

ఇప్పుడు నువ్వడిగిన షిప్పు. నిజం చెప్పాలంటే ఇది చాలా చిన్న విషయం, ఎందుకంటే పెద్ద క్రూయిజ్ కంపెనీలన్నీ దాదాపు ఒకటే మాట మీద ఉన్నయ్: వేప్‌ని కూడా సిగరెట్ కిందే లెక్కేస్తారు, డెక్కు మీద వాళ్ళు చూపించిన స్మోకింగ్ ఏరియాలో తప్ప రూమ్‌లో కుదరదు, బాత్రూమ్‌లో కుదరదు. బాల్కనీ సంగతి ముందే చెప్పేస్తున్నా, ఎక్కువ షిప్పుల్లో బాల్కనీ అంటే రూమ్ కిందే లెక్క. రాయల్ కరీబియన్ వాళ్ళు, సింగపూర్ నుంచి కూడా షిప్పులు నడుపుతారు వీళ్ళు, రూమ్‌లోనో బాల్కనీలోనో పట్టుకుంటే క్లీనింగ్ ఫీజని 250 అమెరికన్ డాలర్లు రూమ్ బిల్లులో వేసేస్తారు, కార్నివాల్ వాళ్ళయితే 500. అడగరు, నీ కార్డుకి వేసేస్తారంతే. స్మోకింగ్ ఏరియా మాట కూడా షిప్పు బయల్దేరే దేశం వేప్‌ని ఒప్పుకుంటేనే, సింగపూర్ నుంచి బయల్దేరే షిప్పులో స్మోకింగ్ ఏరియా ఉంది కదా అని అక్కడ నిలబడి వేప్ తీస్తే, అది నీ దగ్గరికెలా వచ్చిందనే ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది. రేపెప్పుడన్నా అమెరికా నుంచి క్రూయిజ్ ఎక్కితే అప్పుడు స్మోకింగ్ ఏరియా మాట పనికొస్తుంది, అప్పుడు కూడా ప్రతి పోర్టులో దిగే ముందు ఆ దేశం రూలు చూసుకోవాలి.

బాల్కనీ మీద వాళ్ళకెందుకంత పట్టుదల అంటే దాని వెనక ఒక కథ ఉంది. 2006 మార్చి 23, స్టార్ ప్రిన్సెస్ అనే షిప్పు కరీబియన్ సముద్రంలో జమైకా వైపు వెళ్తోంది, తెల్లవారుజామున జనం నిద్రలో ఉండగా ఒక బాల్కనీలో మంట మొదలైంది. ఆరకుండా పడేసిన సిగరెట్ ముక్కే కారణం అయ్యుంటుందని దర్యాప్తులో తేల్చారు. బాల్కనీకీ బాల్కనీకీ మధ్య అడ్డంగా పెట్టిన పలకలు ప్లాస్టిక్ రకం, పాలికార్బనేట్, దానికి తోడు ప్లాస్టిక్ కుర్చీలు, పైన సముద్రం గాలి, ఇక చూస్కో, ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి మంట బయటి గోడ మీదుగా ఎక్కేసింది. రూమ్ లోపల స్ప్రింక్లర్లు ఉన్నయ్ గానీ బాల్కనీల్లో లేవు అప్పట్లో. పొగ పీల్చి ఒక పెద్దాయన చనిపోయాడు. ఆ తర్వాతే బాల్కనీల్లో ఏం వాడాలి, మంట పుడితే తెలిసేదెలా, ఆర్పేదెలా అనే దాని మీద అంతర్జాతీయ రూల్స్ మారినయ్. వేప్‌లో నిప్పు లేదు కదా అంటే లేదు, కానీ లిథియం బ్యాటరీ ఉంది, రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకుంటారు. సముద్రం మధ్యలో ఫైర్ ఇంజన్ రాదుగా, ఉన్న మనుషులే ఆర్పుకోవాలి, అందుకని షిప్పు వాళ్ళకి మంట అంటే ఉన్న భయం ఇంక దేనికీ ఉండదు.

ఆవిరే కదా అలారం మోగదు అన్నాడు కదా ఆ ఫ్రెండు, అది ఆవిరి కాదు చెల్లెమ్మా. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ అనే చిక్కటి ద్రవాలు, అందులో నికోటిన్, వాసనకి ఏదో ఫ్లేవర్, కాయిల్ వేడికి అవి సన్నటి తుంపరలై గాల్లో తేలతయ్. రూమ్ పైకప్పుకి తెల్లగా బోర్లించిన మూతలా ఉంటుంది చూడు డిటెక్టరు, దాంట్లో చాలా రకాలు లోపల ఒక వెలుతురు కిరణం మీద పని చేస్తయ్, తుంపరలో పొగో ఏదో ఒకటి లోపలికొచ్చి ఆ వెలుతురు చెదిరితే చాలు సిగ్నల్ వెళ్ళిపోద్ది. దానికి ఇది మంట పొగా మామిడి ఫ్లేవరా అని తెలీదు. అలారం నీ రూమ్‌లో మోగకపోయినా పైన షిప్పు నడిపే చోట ఏ రూమో తెలిసిపోద్ది, మనిషి తలుపు తడతాడు. ఒక్కోసారి మోగదు కూడా, ఆ ఒక్కసారి అదృష్టం చూసే ఇలాంటి సలహాలు పుడతయ్. అలారం తప్పించుకున్నా రూమ్ సర్దే అబ్బాయి రోజూ వస్తాడు, వాడి ముక్కుని తప్పించుకోలేరు. బాల్కనీలో అయితే ఇంకా తమాషా, షిప్పు కదులుతుంటే గాలి వెనక్కి కొడుతుంది, మరిదిగారు ఊదింది నేరుగా పక్క బాల్కనీలోకే. పక్కన ఎవరున్నారన్నావ్? అత్తగారు కుర్చీ వేసుకుని సముద్రం చూస్తూ, ఏంటే అమ్మాయ్ ఎక్కణ్ణుంచో మామిడిపండు వాసనొస్తోంది, ఇక్కడ చెట్లు కూడా లేవు అంటే ఏం చెప్తావ్?

నడిసముద్రంలో చట్టం ఉండదనేది కూడా తీసి పక్కన పెట్టు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే మన లెక్కలో 22 కిలోమీటర్లు, మామూలుగా ఆ దేశం హద్దు. అది దాటినా షిప్పు ఏ దేశం జెండా మీద రిజిస్టరయిందో ఆ దేశం చట్టం షిప్పుతో పాటే వస్తుంది. ఇంకా పెద్ద సంగతి, టికెట్ కొన్నప్పుడు ఒప్పుకున్న షరతులు, ఎవరూ చదవరు గానీ అందులో కెప్టెన్‌కి ఇచ్చిన అధికారం చాలా పెద్దది, మాట వినని ప్యాసింజర్ని వచ్చే పోర్టులో దింపేయొచ్చు. అక్కణ్ణుంచి ఇంటికి సొంత ఖర్చుతో రావాలి. షష్టిపూర్తి చేసుకున్న పెద్దాయన ముందు ఫుకెట్‌లో సూట్‌కేసుతో దిగటం ఊహించుకోమను.

అత్తగారి దీపం సంగతి ఇక్కడే చెప్పేస్తా, కారణం అదే కాబట్టి. దీపం, కర్పూరం, అగరబత్తి, కొవ్వొత్తి ఇవేవీ కుదరవు, కొవ్వొత్తులూ అగరబత్తులూ క్రూయిజ్ కంపెనీల నిషేధం లిస్టులోనే ఉంటయ్, బ్యాగులో దొరికితే తీసి పెట్టుకుంటారు. ఇస్త్రీ పెట్టె, కాఫీ కాచుకునే కెటిల్, రైస్ కుక్కర్ కూడా అంతే. బ్యాటరీ దీపాలు వస్తున్నయ్ కదా, పూజ సామాన్ల షాపులో అడిగితే ఇస్తారు, బటన్ సెల్‌తో వెలిగేవి, అది ఒకటి కొనిపెట్టు. ఆవిడకి ముందే చెప్పు, అక్కడికెళ్ళాక చెప్తే నాలుగు రోజులు కాఫీ మానేసి కూర్చుంటారు, అది ఇంకో తలనొప్పి.

ఇంక అసలు పని. ఆరు వారాల టైముంది అన్నావ్ చూడు, నీ ఉత్తరంలో నాకు నచ్చిన ముక్క అదే. ఫ్లైట్ ఎక్కేముందు వేప్ చెత్తబుట్టలో పడేసి చూద్దాంలే అనుకుంటే ఏమవుద్దో తెలుసా, నికోటిన్ ఆపిన మొదటి రెండు మూడు రోజులే బాగా కష్టం, చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవటం, చిన్నదానికి అరవటం. అంటే సింగపూర్‌లో పిల్లల్ని తిప్పే రెండ్రోజులూ ఆయన మొహం మాడ్చుకునే ఉంటారు, ఆ తర్వాత షిప్పులో మెల్లగా తగ్గుద్ది, ట్రిప్పు అయిపోయాక మామూలు మనిషి అవుతారు. ఆ కష్టం రోజులు ఇప్పుడే, గుంటూరులోనే, ఆఫీసూ ఇల్లూ తిరుగుతూ గడిపేస్తే సరిపోద్ది కదా. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి ఆ చిరాకు సర్దుకుంటుంది. లెక్క చూస్కో, ఈ వారంలో మొదలెడితే సరిగ్గా సరిపోతుంది, వచ్చే నెల మొదలెడితే సరిపోదు.

సిగరెట్ మానేశా కదా అని ఆయన అనుకుంటున్నారు, తప్పు పట్టను, చాలామంది అలాగే అనుకుంటారు, కానీ ఆయన మానింది పొగాకు కాలటం ఒక్కటే, నికోటిన్ మాత్రం అలాగే లోపలికి పోతూ ఉంది, డిస్పోజబుల్ వాటిల్లో అయితే చాలా గాఢంగా ఉంటుంది. (పొగాకు బోర్డు హెడ్డాఫీసు ఉన్న గుంటూరు వాళ్ళకే నేను ఈ మాట చెప్పాల్సిరావటం ఏంటో.) అందుకని ఒక్కసారిగా ఆపటం కాకుండా డాక్టర్‌ని కలిసి నికోటిన్ గమ్మో, ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచో వాడుకుంటే సులువు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే ఇస్తారు, 4 మిల్లీగ్రాములదానికి డాక్టర్ చీటీ కావాలి. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి దమ్ము పడాలి అనే మనిషైతే 2 సరిపోకపోవచ్చు, డాక్టర్‌కి ఆ విషయం చెప్పమను. గమ్‌ని బబుల్‌గమ్‌లా కసకసా నమిలితే కడుపులో మంట, ఎక్కిళ్ళు తప్ప ఉపయోగం ఉండదు, మెల్లగా నాలుగుసార్లు నమిలి నోట్లో కారంగా తగలగానే దవడ పక్కన పెట్టి ఆపాలి, ఆ ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. కాఫీ తాగిన వెంటనే వేసుకున్నా పని చేయదు, ఒక పావుగంట ఆగాలి. బీపీ, గుండె సమస్య ఏదన్నా ఉంటే డాక్టర్‌కి చెప్పకుండా వద్దు.

సింగపూర్‌కి మాత్రం గమ్ కంటే ప్యాచ్ తీసుకెళ్ళటం మేలు. అక్కడ 1992 నుంచి చూయింగ్ గమ్ దిగుమతి మీదే నిషేధం, నికోటిన్ గమ్ లాంటివి 2004 నుంచి మందుల కింద ఫార్మసిస్టు చేతి మీదుగా ఇస్తున్నారు, మనం ఇక్కణ్ణుంచి పెట్టెలు పట్టుకెళ్ళి కౌంటర్లో వివరణ ఇచ్చుకునే పని ఎందుకు. ప్యాచ్ చొక్కా లోపల భుజం మీద అంటించుకుంటే సరిపోద్ది, ఎవరికీ తెలీదు, అత్తగారికి వాసన కూడా రాదు. డాక్టర్ చీటీ, బిల్లు మాత్రం పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి.

ఆయనకి నువ్వు ఎలా చెప్తావనేది నీ ఇష్టం. నేనైతే క్లాసు పీకను, ఆరోగ్యం అనే మాట కూడా ఎత్తను, అది ఆయన వందసార్లు వినుంటారు. నా బ్యాగులో పెట్టను, నీ బ్యాగులో పెట్టుకుంటే ఆ ఎయిర్‌పోర్టులో నేనూ పిల్లలూ మీ అమ్మానాన్నా ముందుకెళ్ళిపోతాం, ఆగం, అని మామూలు గొంతుతో ఒక్కసారి చెప్తా, ఆ తర్వాత మళ్ళీ ఆ టాపిక్ తేను. మనిషికి కోపం వస్తే రానీ. మానటానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ ఉంది, 1800-11-2356, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ ఆయనే చేయాలి, నువ్వు చేసి స్పీకర్‌లో పెట్టి ఆయన చేతిలో పెడితే పని జరగదు.